రిపోర్టులో ఒక్క లైను

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

  

నెల కిందట మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "ముప్ఫై ఏళ్ళుగా థర్మల్ స్టేషన్లో బాయిలర్ల దగ్గర ఉన్నావు కదా, కరెంటు గురించి ఒక ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నాడు. సరేనన్నాను. రెండు రోజులు ఆలోచించి నేనే మళ్ళీ ఫోన్ చేశాను. "కరెంటు గురించి కాదు, కాన్సర్ గురించి మాట్లాడతాను" అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. "పండగ పూట అదెందుకురా?" అన్నాడు. ఎందుకో ఇప్పుడు చెబుతాను. నేను డాక్టర్ని కాను. ఈ హాల్లో మన పూర్వ విద్యార్థులైన డాక్టర్లు అరడజను మంది కనిపిస్తున్నారు. నేనెక్కడైనా తప్పితే కూర్చున్న చోటు నుంచే చెయ్యెత్తండి. మాస్టారి క్లాసులో నాకది అలవాటే.

విషయం మా బెంచీ వాడిది. ఆరు నుంచి పది దాకా అయిదేళ్ళు కిటికీ పక్క బెంచీలో కలిసి కూర్చున్నాం. పేరు చెప్పను. చెప్పడానికి వాడు ఒప్పుకున్నాడు, నేనే వద్దనుకున్నాను. మా బ్యాచి వాళ్ళకు ఎలాగూ తెలుసు.

2016లో ఒక తెల్లవారుజామున వాడి భార్య ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, ఆయనకు ఫిట్స్ వచ్చాయి" అంది. అంతవరకూ తలనొప్పి కూడా ఎరగని మనిషి. స్కానింగులో మెదడులో గడ్డ కనిపించింది. ఆపరేషన్ చేసి, తీయగలిగినంత తీశారు. పదిహేను రోజులకు బయాప్సీ రిపోర్టు వచ్చింది, మూడు పేజీలు. వాడు దాన్ని నా చేతికిచ్చి, "ఒరేయ్, నువ్వు ఇంజనీరువి కదా, ఇందులో ఏముందో చూసి చెప్పు" అన్నాడు.

చూశాను. గ్రేడ్ 2 ఆస్ట్రోసైటోమా అని ఉంది. ఆ మాట డాక్టరు ముందే చెప్పారు. మూడో పేజీ చివర ఇంకో లైను ఉంది: ఐడీహెచ్1, ఆర్132హెచ్, పాజిటివ్. అదేమిటో నాకు తెలియదు. తెలియదని చెప్పి ఉంటే బాగుండేది. "అవన్నీ ల్యాబు వాళ్ళ కోడ్ నంబర్లు లేరా" అని కాగితాలు మడిచి ఇచ్చేశాను.

అంతటితో ఆగలేదు. ఆ రోజుల్లో అందరి ఫోన్లలో ఒక కబురు తిరుగుతుండేది. కాన్సర్ కణాలు చక్కెర తిని బతుకుతాయి, చక్కెర ఆపేస్తే అవి ఎండి చస్తాయి అని. నాకది ఎంతో సబబుగా తోచింది. బాయిలర్‌కు బొగ్గు ఆపితే మంట ఆరిపోదా? వాణ్ణి కూర్చోబెట్టి బోర్డు మీద లెక్క వేసినట్టు చెప్పాను. చక్కెర మాను, అన్నం మాను, పళ్ళు మాను, పాలు మాను. వాడికి చిన్నప్పటి నుంచీ లెక్కల్లో నా మీద గురి. నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు.

నాలుగు నెలల్లో పదకొండు కిలోలు తగ్గాడు. రేడియేషన్ మొదలయ్యే సమయానికి మెట్లెక్కితే ఆయాసం. డాక్టరుగారు బరువు చూసి, "ఈ పథ్యం ఎవరు చెప్పారండీ మీకు?" అని కాస్త గట్టిగానే అడిగారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. వాడు నా వైపు చూడలేదు. "ఎక్కడో చదివానండీ" అన్నాడు. వాడి భార్య మాత్రం నన్ను చూసింది.

ఆ చూపే నన్ను చదివించింది. నాకు చదువుకునే అలవాటు నేర్పిన చోటు ఇదే కాబట్టి, చదివినదాన్ని ఇక్కడే అప్పజెబుతున్నాను.

మాస్టారూ, మీరు తొమ్మిదో తరగతిలో శ్వాసక్రియ చెప్పిన రోజు గుర్తుంది. వెలుగుతున్న కొవ్వొత్తి మీద గాజు గ్లాసు బోర్లించి, "మనం తిన్నది కూడా ఇలాగే ఆక్సిజన్‌తో కలిసి కాలుతుంది. కాకపోతే మంట లేకుండా, మెట్టు మెట్టుగా" అన్నారు. ఆ మెట్లే అసలు సంగతి. గ్లూకోజు కణంలోకి వచ్చాక ముందు రెండు ముక్కలవుతుంది. ఆ ముక్కలు మైటోకాండ్రియాలోకి వెళ్ళి క్రెబ్స్ వలయంలో తిరుగుతాయి. హాన్స్ క్రెబ్స్ 1937లో కనిపెట్టిన ఆ వలయం బొమ్మను మనమంతా బట్టీపట్టాం. సిట్రేటు, ఐసోసిట్రేటు, ఆల్ఫా కీటోగ్లుటరేటు, సక్సినేటు, ఫ్యూమరేటు, మాలేటు. రైలు స్టేషన్ల పేర్లలా అప్పజెప్పేవాళ్ళం. ఒక్కో స్టేషన్ దగ్గర ఒక్కో ఎంజైము ఉండి, ఒక పదార్థాన్ని ఇంకో పదార్థంగా మార్చి ముందుకు పంపుతుంది. చివరికి ఏటీపీ రూపంలో శక్తి వస్తుంది. ఒక గ్లూకోజు పూర్తిగా కాలితే 38 ఏటీపీలని మన రోజుల్లో చెప్పేవారు. ఇప్పుడు 30 నుంచి 32 అంటున్నారు. మార్కులు వెనక్కి తీసుకోవద్దని మాస్టారికి మనవి.

ఇక కాన్సర్ దగ్గరికి వద్దాం. 1920ల్లో జర్మనీలో ఓటో వార్బర్గ్ ఒక వింత గమనించాడు. గడ్డలోని కణాలు గ్లూకోజును విపరీతంగా లాగుతున్నాయి. కానీ దాన్ని పూర్తిగా కాల్చడం లేదు. పక్కన ఆక్సిజన్ ఉన్నా సగంలో వదిలేసి లాక్టిక్ ఆమ్లంగా బయటికి తోసేస్తున్నాయి. ఆ దారిలో ఒక గ్లూకోజుకు వచ్చేది రెండే ఏటీపీలు. మా ప్లాంటులో ఇలా బొగ్గు తగలేస్తే నన్ను ఆ రోజే ఇంటికి పంపేస్తారు. కణాల్లోని మైటోకాండ్రియా చెడిపోయిందని, కాన్సర్‌కు మూలం అదేనని వార్బర్గ్ అనుకున్నాడు.

ఆయన చూసింది నిజం. చెప్పిన కారణం చాలా మటుకు నిలబడలేదు. ఎక్కువ కాన్సర్లలో మైటోకాండ్రియా పనిచేస్తూనే ఉంటుందని తర్వాత తేలింది. మరి ఆ దుబారా ఎందుకు? ఇల్లు కట్టుకునేవాడు ఉన్న కలపంతా పొయ్యిలో పెట్టడు. వాసాలకు, తలుపులకు దాచుకుంటాడు. వేగంగా రెండింతలయ్యే కణానికి శక్తి ఒక్కటే చాలదు. కొత్త డీఎన్ఏకు, కొత్త పొరలకు, కొత్త ప్రోటీన్లకు ముడిసరుకు కావాలి. గ్లూకోజును సగంలో ఆపితే ఆ కర్బనాన్ని కట్టుబడికి మళ్ళించుకోవచ్చు. పెట్ స్కాన్ ఈ ఆకలి మీద ఆధారపడిందే. రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించిన చక్కెరను సూది ద్వారా ఎక్కిస్తారు. దాన్ని ఎక్కువగా లాగిన చోటు తెర మీద మెరుస్తుంది. ఆ ఫ్లోరిన్ 110 నిమిషాల్లో సగానికి తగ్గిపోతుంది కాబట్టి, స్కాన్ చేసే రోజే దాన్ని తయారుచేసి తెచ్చుకోవాలి.

అయితే చక్కెర మానిపించిన నేను చేసింది ఒప్పే కదా అని ఎవరైనా అనవచ్చు. కాదు. ఎందుకో చెబుతాను. నోటికి చక్కెర ఆపినంత మాత్రాన రక్తంలో గ్లూకోజు ఆగదు. కాలేయం ఆగనివ్వదు. నిల్వలు అయిపోతే కండను కరిగించి, అందులోని అమైనో ఆమ్లాలతో గ్లూకోజు తయారుచేస్తుంది. ఎందుకంటే మెదడుకు అది కావాలి. బరువులో వంద పాళ్ళలో రెండు పాళ్ళుండే మెదడు, ఒంటి శక్తిలో ఐదో వంతు తింటుంది. ఆరోగ్యంగా ఉన్న మెదడే అంత గ్లూకోజు లాగుతుంది కాబట్టి, మెదడు గడ్డను మామూలు పెట్ స్కాన్‌లో విడదీసి చూడడం కూడా కష్టం. నేను మావాడి గడ్డను ఎండబెట్టలేదు. వాడి కండలు కరిగించాను. తీపి అతిగా తిని లావెక్కడం మంచిదని నేననడం లేదు. స్థూలకాయం కొన్ని కాన్సర్లకు దారితీస్తుంది. అది వేరే సంగతి. జబ్బుతో, చికిత్సతో నలుగుతున్న మనిషి కంచం లాక్కోవడం వేరే సంగతి.

మా ప్లాంటు భాషలో నా తప్పు ఇది. ఎక్కడో ఒక వాల్వు చెడితే, అదేదో వెతక్కుండా మెయిన్ లైను కట్టేశాను. చెడిన వాల్వు నంబరు రిపోర్టు మూడో పేజీలో రాసే ఉంది. ఐడీహెచ్1.

ఐడీహెచ్ అంటే ఐసోసిట్రేట్ డీహైడ్రోజినేజ్. ఐసోసిట్రేటును ఆల్ఫా కీటోగ్లుటరేటుగా మార్చే ఎంజైము. మనం బట్టీపట్టిన రైలు మార్గంలో రెండో స్టేషన్ నుంచి మూడో స్టేషన్‌కు పంపే ఉద్యోగి. ఇందులో మూడు రకాలున్నాయి. ఒకటో రకం మైటోకాండ్రియా బయట, కణద్రవ్యంలో అదే పని చేస్తుంది. 414 అమైనో ఆమ్లాల గొలుసు అది. 2008లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ శాస్త్రవేత్తలు 22 మెదడు గడ్డల్లో 20,000కు పైగా జన్యువులను వరసపెట్టి చదివారు. కొన్ని గడ్డల్లో ఈ గొలుసులో 132వ చోట మార్పు కనిపించింది. ఎక్కువగా ఆర్జినిన్ ఉండాల్సిన చోట హిస్టిడిన్ ఉంది. ఆర్132హెచ్ అంటే అదే. నేను కోడ్ నంబరన్నది కోడే, కానీ ల్యాబు వాళ్ళది కాదు, జబ్బుది. ఆ తర్వాత ఇంకా చాలా గడ్డలు చూస్తే, గ్రేడ్ 2, 3 గ్లయోమాల్లో పదింట ఏడుకు పైగా ఈ మార్పు ఉందని తేలింది.

ఎంజైము చెడితే పని ఆగిపోవాలి కదా? మొదట అందరూ అలాగే అనుకున్నారు. 2009లో అసలు సంగతి బయటపడింది. ఇది ఊరికే చెడిపోలేదు, కొత్త పని నేర్చుకుంది. మంచి ఎంజైము తయారుచేసిన ఆల్ఫా కీటోగ్లుటరేటును పట్టుకుని, 2-హైడ్రాక్సీగ్లుటరేట్ అనే ఇంకో పదార్థంగా మారుస్తోంది. జన్యువు మనకు రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి చెడినా రెండోది బాగానే ఉంటుంది. మంచి ప్రతి సరుకు చేసి అందిస్తుంటే, చెడిన ప్రతి దాన్ని కల్తీ చేస్తోందన్నమాట. ఆ పదార్థం మామూలు కణంలో లేశమాత్రంగా ఉంటుంది. ఈ గడ్డల్లో వంద రెట్ల దాకా పేరుకుంది.

పేరుకుంటే ఏమవుతుంది? ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. ఈ ప్రసంగం మొత్తంలో కష్టమైన చోటు ఇదొక్కటే.

మన ప్రతి కణంలోనూ డీఎన్ఏ అనే పుస్తకం మొత్తం ఉంటుంది. కానీ ఏ కణమూ మొత్తం చదవదు. కాలేయ కణం తన పేజీలు చదువుతుంది, నరాల కణం తన పేజీలు. అక్కర్లేని పేజీల మీద మిథైల్ అనే గుర్తులు పడి ఉంటాయి. అవి పేజీలకు రాసిన జిగురు లాంటివి. కణం ఎదిగేటప్పుడు, ఫలానా పేజీ తెరవాల్సి వచ్చినప్పుడు ఆ జిగురు తీసే ఎంజైములు వేరే ఉన్నాయి. అవి పనిచేయాలంటే ఆల్ఫా కీటోగ్లుటరేటు కావాలి. మన కల్తీ సరుకు చూడ్డానికి అచ్చం దానిలాగే ఉంటుంది. ఒక ఆక్సిజన్ ఉన్న చోట మాత్రమే తేడా. ఆ ఎంజైముల్లోకి వెళ్ళి కూర్చుంటుంది కానీ పని జరగనివ్వదు. జిగురు తీసేవాళ్ళు లేక పేజీలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. పుస్తకంలోని ఆ పేజీల్లో ఒక్క అక్షరమూ మారలేదు. కానీ "ఇక ఎదుగు, పెద్దవాడివై నీ పని నువ్వు చూసుకో" అని రాసి ఉన్న పేజీ తెరుచుకోదు. కణం పసితనంలోనే ఆగిపోయి, విభజన చెందుతూ పోతుంది.

బాయిలర్ మనిషిగా నన్ను నివ్వెరపరచింది ఇదే. మేము పొగ గొట్టం దగ్గర కొలతలు చూస్తాం. పొగలో ఆక్సిజన్ ఎంత, కార్బన్ మోనాక్సైడ్ ఎంత అన్నదాన్ని బట్టి లోపల మంట సంగతి చెబుతాం. మాకు పొగ మంటకు సాక్షి మాత్రమే. ఇక్కడ పొగే వెనక్కి వెళ్ళి ఆఫీసు గదిలో ఫైళ్ళకు జిగురు పూస్తోంది. జీవక్రియలో పుట్టిన ఒక చిన్న అణువు జబ్బుకు గుర్తు మాత్రమే కాదు, జబ్బును నడిపే పాత్రధారి కూడా.

ఈ జాతిలో ఇదొక్కటే కాదు. అదే వలయంలో సక్సినేటును ముందుకు పంపే ఎంజైములో పుట్టుకతో లోపమున్న కుటుంబాల్లో మెడ దగ్గర పారాగాంగ్లియోమా అనే గడ్డలు వస్తున్నాయని 2000లో కనుక్కున్నారు. ఫ్యూమరేటును మార్చే ఎంజైము చెడిన కుటుంబాల్లో ఒక రకం మూత్రపిండ కాన్సర్ వస్తుందని 2002లో తేలింది. అక్కడ సక్సినేటు, ఫ్యూమరేటు పేరుకుపోయి, కణంలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఏర్పాటును తికమక పెడతాయి. మా దగ్గర ఆక్సిజన్ అనలైజర్ తప్పు రీడింగు చూపిస్తే, గాలి సరిపోతున్నా సరిపోవడం లేదనుకుని ఎఫ్‌డీ ఫ్యాను జోరు పెంచేస్తాం. ఆ కణమూ అంతే చేస్తుంది. ఆక్సిజన్ ఉన్నా లేదనుకుని కొత్త రక్తనాళాలు పిలిపించుకుంటుంది. గడ్డకు కావలసింది కూడా అదే.

ఇక మందుల మాట. ఏ వాల్వు చెడిందో తెలిశాక దాన్నే పట్టుకోవచ్చు. చెడిన ఐడీహెచ్‌కు మాత్రమే అడ్డుపడి, మంచిదాన్ని చాలా మటుకు వదిలేసే మందులు వచ్చాయి. కొన్ని రక్త కాన్సర్లలో, అంటే అక్యూట్ మైలాయిడ్ లుకేమియాలో, ఐదింట ఒకటి దాకా ఈ ఐడీహెచ్ మార్పులు ఉంటాయి. ఐడీహెచ్2 చెడినవారికి ఎనాసిడెనిబ్‌ను 2017లో, ఐడీహెచ్1 చెడినవారికి ఐవోసిడెనిబ్‌ను 2018లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. ఈ మందులు కాన్సర్ కణాలను నేరుగా చంపవు. కల్తీ సరుకు తగ్గుతుంది, జిగురు వదులుతుంది, పసితనంలో ఆగిన కణాలు ఎదగడం మొదలుపెడతాయి. ఎదిగిన కణం తన ఆయుష్షు తీరాక తనే పోతుంది. అన్ని కణాలూ ఒక్కసారిగా ఎదిగితే అదీ ప్రమాదమే. జ్వరం, ఆయాసం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే డాక్టర్లు కనిపెట్టుకుని ఉంటారు. అందరికీ పనిచేయవు. పనిచేసినవారిలో కొందరికి జబ్బు కొత్త దారి వెతుక్కుని తిరిగి వస్తుంది.

మెదడుకు మందు చేర్చడం ఇంకా కష్టం. రక్తంలో ఉన్నవన్నీ మెదడు లోపలికి రానివ్వదు. అలా చేరేటట్టు తయారుచేసిన మందు వోరాసిడెనిబ్. గ్రేడ్ 2 గ్లయోమా ఉండి, ఆపరేషన్ తప్ప వేరే చికిత్స తీసుకోని 331 మందిని రెండు జట్లు చేసి పరీక్షించారు. ఉత్త మాత్ర వేసుకున్నవారిలో జబ్బు ముదరకుండా గడిచిన కాలం మీడియన్ లెక్కన 11.1 నెలలు. మందు వేసుకున్నవారిలో 27.7 నెలలు. 2024 ఆగస్టులో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. నయమైపోయిందని ఎవరూ అనలేదు. జబ్బును నెమ్మది చేసింది. రేడియేషన్‌ను, కీమోను కొంతకాలం వెనక్కి నెట్టే వీలిచ్చింది. మెదడుకు రేడియేషన్ అంటే ఏమిటో తెలిసినవాళ్ళకు ఆ కొంతకాలం విలువ తెలుస్తుంది.

ఆ వార్త చదివిన రోజు రాత్రే మావాడికి ఫోన్ చేశాను. ఈసారి "వేసుకో" అనలేదు, "మానెయ్" అనలేదు. "మీ డాక్టరుగారిని అడుగుదాం" అన్నాను. ముగ్గురం కలిసి వెళ్ళాం. పరీక్షించినవాళ్ళు ఆపరేషన్ ఒక్కటే అయినవాళ్ళని, మావాడికి రేడియేషన్, కీమో రెండూ ఎప్పుడో అయిపోయాయని, స్కాన్లు నిలకడగా ఉన్నంతకాలం తొందర వద్దని ఆయన అన్నారు. ఆ మందుల ఖరీదు కూడా సామాన్యులకు అందేది కాదు. బయటికి వచ్చాక వాడి భార్య ఒక మాట అంది. "ఈసారి అడిగి తెలుసుకున్నాం అన్నయ్యగారూ, చాలు" అంది. నా మీద కేసు ఆ రోజు కొట్టేశారనుకుంటాను.

ఇంకో సంగతి కూడా ఆయన చెప్పారు. అదే గ్లయోమా అయినా ఐడీహెచ్ మార్పు ఉన్నవాళ్ళు, లేనివాళ్ళకంటే మొత్తం మీద ఎక్కువ కాలం బతుకుతారట. ఇప్పుడు డాక్టర్లు వాటిని రెండు వేర్వేరు జబ్బులుగానే లెక్కిస్తున్నారు. అంటే నేను మడిచి ఇచ్చేసిన ఆ లైనులోనే వాడికి కాస్త ఊరట కూడా ఉంది. ఎనిమిదేళ్ళు వాడికి అది తెలియనివ్వలేదు నేను.

కణం వాడుకునే అణువును పట్టుకుని కాన్సర్‌ను నిలువరించడం ఇవాళ పుట్టిన ఆలోచన కాదు. దాని మొదటి అధ్యాయంలో మనవాడే ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. పదిలో తప్పిన మన మిత్రులు కొందరు ఇప్పుడు తలెత్తుకోవచ్చు. అమెరికా వెళ్ళి హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, తర్వాత 1929లో ఏటీపీని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే కాలంలో ఏటీపీని కనుక్కున్నాడు. మనం లెక్కలు వేసిన 38 ఏటీపీల్లో ఒక తెలుగువాడి చెయ్యి ఉంది.

తర్వాత లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం మీద పనిచేసింది. డీఎన్ఏ తయారీకి కావలసిన విటమిన్ అది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు అలాంటి పదార్థాలు ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా జోరందుకున్నట్టు కనిపించింది. అయితే దానికి పోలికలో సరిసమానమై, పనిలో ఎదురుతిరిగేది ఇస్తే? సుబ్బారావుగారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను ఫార్బర్ పిల్లలకిచ్చాడు. 1948లో ప్రచురించిన ఆ ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. కొంతకాలమే. కానీ అంతవరకు ఆ జబ్బుకు ఆ మాత్రం కూడా లేదు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. 1953లో జాన్ కిడ్ అనే ఆయన గినీపిగ్ రక్తరసం ఎక్కిస్తే ఎలుకల్లో ఒక రకం లింఫోమా తగ్గడం చూశాడు. అందులోని ఆస్పరాజినేజ్ అనే ఎంజైమే కారణమని తర్వాత తేలింది. ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాన్ని మన మామూలు కణాలు తామే చేసుకోగలవు. కొన్ని లుకేమియా కణాలకు అది సరిగా చేతకాదు. రక్తంలో దాన్ని తుడిచేస్తే అవి మాడిపోతాయి. పిల్లల లుకేమియా చికిత్సలో ఈ రోజుకీ అది ముఖ్యమైన మందు. చూశారా, కాన్సర్‌ను పస్తుంచడం సాధ్యమే. కానీ పస్తు పెట్టాల్సింది ఏ కణాన్ని, ఏ ఒక్క పదార్థానికి అన్నది తెలిసి ఉండాలి. మనిషిని పస్తుంచడం అందులోకి రాదు.

మిత్రులారా, మన వయసులో ఇళ్ళల్లో రిపోర్టులు రావడం మామూలైంది. ఊళ్ళో చదువుకున్నవాళ్ళమని మన చేతిలో పెడతారు. నా అనుభవంతో మూడు మాటలు. తెలియని లైనును తెలియదనే చెప్పండి. ఆ లైను మీద వేలు పెట్టి, "ఇదేమిటండీ, దీనివల్ల చికిత్స ఏమైనా మారుతుందా?" అని డాక్టరును అడగండి. ఫోన్లో వచ్చిన పథ్యాన్ని రోగి కంచం దాకా తీసుకెళ్ళకండి.

మన సంఘానికి ఒక విన్నపం. సైన్సు గదిలో క్రెబ్స్ వలయం చార్టు చిరిగిపోయి ఉంది, నిన్న చూశాను. మా బ్యాచి తరఫున కొత్తది వేయించి, ప్రతి ఎంజైము దగ్గర అది చెడితే వచ్చే జబ్బు పేరు తెలుగులో రాయిస్తాం. పిల్లలు బట్టీపట్టేటప్పుడు అదెందుకో తెలిసి బట్టీపడతారు. తప్పులు దిద్దే పని మాస్టారు ఒప్పుకున్నారు.

మావాడు ఈ హాల్లోనే ఉన్నాడు. వచ్చే నెలలో మళ్ళీ స్కాన్. ప్రతి స్కాన్‌కు ముందు వారం వాడికి నిద్ర పట్టదు, నాకూ పట్టదు. నిన్న రాత్రి భోజనాల్లో రెండో బొబ్బట్టు వేయించుకుంటూ నా వంక చూశాడు. నేను నెయ్యి గిన్నె వాడి వైపు జరిపాను.